1267 నంబరు బండి వెనకాల: బాకెన్ చమురు సీమలో ఆరు రోజులు

మొదటి రోజు: మినియాపొలిస్ నుంచి జేమ్స్‌టౌన్

మా అపార్ట్‌మెంటు వెనక రైలు పట్టాలున్నాయి. ఊరి నుంచి వచ్చిన మర్నాటి నుంచీ నాన్నకి అదే కాలక్షేపం. బాల్కనీలో కుర్చీ వేసుకుని గూడ్సు పెట్టెలు లెక్కపెడతారు. నల్లటి ట్యాంకర్లు వస్తే మాత్రం లేచి నిలబడతారు. ఒక్కోదాని పక్కన ఎర్రటి పలక, గాలిపటంలా నిలువుగా తిప్పి బిగించింది, మధ్యలో 1267 అనే అంకె. ముడి చమురుకి ప్రపంచమంతా వాడే గుర్తు అది. ఒక సాయంత్రం లెక్క 100 దాటాక విసుగొచ్చి, "ఇదంతా ఎక్కణ్ణుంచి మోసుకొస్తన్నారమ్మాయ్?" అన్నారు.

ఎక్కువ భాగం నార్త్ డకోటా నుంచి, బాకెన్ అనే చోటు నుంచి అన్నాను. "అయితే చూసొద్దాం" అన్నారు, పక్క ఊళ్లో తీర్థానికి వెళ్దామన్నంత తేలిగ్గా.

మాది కోనసీమ. రాజోలు పక్క. మా కొబ్బరితోట అడుగున గ్యాసు గొట్టం పోతుంది. 1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు నేను ఆరో తరగతి. ఆ రెండు నెలలూ మా పెరట్లో చీకటి పడలేదు. మా ఇంట్లో ఎవరికైనా చమురంటే ముందు ఆ మంటే గుర్తుకొస్తుంది. నయాగరా చూపిస్తానంటే వాయిదా వేసిన మనిషి దీనికి మాత్రం తెల్లారకుండానే బట్టలు సర్దేసుకోవడంలో నాకు వింతేమీ కనపడలేదు.

పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసాతో బయల్దేరాం. 94వ హైవే మీద ఫార్గో దాకా 235 మైళ్లు. అక్కణ్ణుంచి నేల చాప పరిచినట్టు చదును. "ఇన్ని పొలాలున్నాయి, గట్లు లేవేంటి?" అన్నారు నాన్న. దారి పొడుగునా ఆయన అడిగినవాటిలో నేను జవాబు చెప్పలేకపోయిన మొదటి ప్రశ్న ఇది.

ఫార్గో దాటి పాతిక మైళ్లలోపే క్యాసల్టన్. దాదాపు 2,400 మంది ఉండే ఊరు. 2013 డిసెంబరు 30 మధ్యాహ్నం ఊరికి మైలు దూరంలో ధాన్యం రైలు ఒకటి పట్టాలు తప్పి పక్క లైను మీద పడింది. ఒక పెట్టె ఇరుసు విరగడం కారణమని తర్వాత విచారణలో తేలింది. ఆ పక్క లైను మీదే ఎదురుగా 100కి పైగా ట్యాంకర్లతో బాకెన్ చమురు బండి వస్తోంది. ఆపడానికి వ్యవధి లేదు. 20 ట్యాంకర్లు దొర్లాయి, 4 లక్షల గ్యాలన్లకు పైగా చమురు పోయింది, ఆ మంట గోళాలు మైళ్ల దూరానికి కనపడ్డాయి. ఊళ్లో సగానికి పైగా జనాన్ని ఇళ్లు వదిలి వెళ్లమన్నారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ చోటు గుర్తుపట్టడానికి ఇప్పుడు ఏమీ లేదు. పట్టాల పక్కన గడ్డి, అవతల సోయా. నాన్న కారు దిగి కాసేపు పట్టాల వైపు చూసి, "ఇరుసు ఎంత లావుంటదో" అన్నారు.

రాత్రికి జేమ్స్‌టౌన్. అక్కడ కాంక్రీటుతో చేసిన పెద్ద అడవిదున్న బొమ్మ ఉంది. ఫొటో దిగాం.

రెండో రోజు: మైనాట్, స్టాన్లీ, టయోగా, విల్లిస్టన్

52వ రోడ్డు మీద వాయవ్యంగా పోతుంటే నేల చదును పోయి మెరకా పల్లం మొదలైంది. మంచుయుగం వదిలిపోయిన కుంటలు వేలకొద్దీ, నిండా బాతులు. మైనాట్ నుంచి 2వ నంబరు రోడ్డు ఎక్కాక రైలు పట్టాలు మాకు తోడొచ్చాయి. 1887లోనే విల్లిస్టన్ చేరిన లైను ఇది. గోధుమలు మోయడానికి వేసిన ఈ పాత లైనే 120 ఏళ్ల తర్వాత చమురుకి దిక్కయింది.

ఎందుకయిందో నాన్నకి చెప్పాను. రాయి పగలగొట్టి చమురు తీసే పద్ధతి 2006లో పార్షల్ దగ్గర బాగా పారింది. ఆ తర్వాత బావులు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. గొట్టం వెయ్యాలంటే వేల మంది రైతుల దగ్గర దారి హక్కు కొనాలి, రాష్ట్రాలన్నీ ఒప్పుకోవాలి, ఏళ్లు పడుతుంది. రైలైతే పట్టాలు వేసే ఉన్నాయి, పక్కన గుండ్రంగా ఒక సైడింగు కట్టుకుని ట్యాంకర్లు నింపుకుంటే సరి. 2009 ఆఖర్లో స్టాన్లీ నుంచి అచ్చంగా చమురుతోనే నిండిన రైళ్లు మొదలయ్యాయి. మూడు నాలుగేళ్లకల్లా ఇక్కడి చమురులో సగానికి మించి రైలు మీదే పోయేది. ఒక్కో ట్యాంకరుకి 700 పీపాల చొప్పున 100 ట్యాంకర్లు, అంటే ఒక బండికి 70,000 పీపాలు. పీపా అంటే 159 లీటర్లు.

స్టాన్లీ చిన్న ఊరు. 2017 జూన్ 1న నడవడం మొదలైన డకోటా యాక్సెస్ గొట్టం ఈ ప్రాంతంలోనే పుడుతుంది. 30 అంగుళాల వెడల్పు, ఇలినాయ్ రాష్ట్రంలోని పటోకా దాకా 1,172 మైళ్లు. తర్వాత పంపులు పెంచి రోజుకు 7,50,000 పీపాలు తోసేలా చేశారు. నాన్న వేళ్ల మీద లెక్కేశారు. "అంటే రోజుకి పది రైళ్లు భూమిలోకి దూరిపోయాయన్నమాట. అందుకే పట్టాలు ఖాళీగా ఉన్నాయి."

మా ఇంటి వెనకవైతే ఖాళీగా లేవు. ఇక్కణ్ణుంచి అమెరికా పడమటి తీరపు రిఫైనరీలకి కొండలు దాటి పోయే ముడి చమురు గొట్టం లేదు, తూర్పు తీరానికీ ఇంతే. అటు పోయే సరుకుకి ఇప్పటికీ రైలే గతి.

స్టాన్లీకీ టయోగాకీ మధ్య రాస్ అనే గుప్పెడు ఇళ్ల పల్లె. అక్కడ గడ్డి మైదానంలో ఒంటరిగా చిన్న మసీదు కనపడితే కారు ఆపాను. సిరియా, లెబనాన్ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయం చేసుకున్నవాళ్లు 1929లో కట్టిన మసీదు చోటది, అమెరికాలో తొలినాటి వాటిలో ఒకటి. పాతది పోయింది, ఇప్పుడున్నది కొత్తగా కట్టింది. చమురుతో దీనికి సంబంధమేమీ లేదు, చూశాను కాబట్టి రాస్తున్నాను.

టయోగా దగ్గర 1951 ఏప్రిల్ 4న క్లారెన్స్ ఐవర్సన్ అనే రైతు పొలంలో ఈ రాష్ట్రపు మొదటి చమురు పడింది. అక్కడొక రాతి గుర్తు ఉంది. అదే చుట్టుపక్కల హెన్రీ బాకెన్ అనే మరో రైతు పొలంలో తవ్వినప్పుడు దొరికిన రాతి పొరకి ఆయన ఇంటిపేరే పెట్టారు. "ఇంటిపేరు మిగిలింది, అదృష్టవంతుడు" అన్నారు నాన్న.

టయోగా పొలాలకి ఇంకో కథ ఉంది. 2013 సెప్టెంబరు చివర్లో ఒక రైతు గోధుమ కోస్తుంటే చక్రాలకి జిగురుగా నల్లటిది అంటుకుంది. 6 అంగుళాల గొట్టానికి చిన్న చిల్లి. 20,600 పీపాల చమురు ఆ చేలోకి ఇంకిపోయింది. పిడుగు వల్ల పడిన చిల్లి కావచ్చని తర్వాత తేల్చారు. కనిపెట్టింది మీటరు కాదు, కోత యంత్రం మీద కూర్చున్న మనిషి. ఆ మట్టినంతా లోతుగా తవ్వి, వేడిచేసి, చమురు ఆవిరి చేసి మళ్లీ పూడ్చడానికి ఏళ్లు పట్టింది.

ఇది విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా తోటలో గొట్టం పోయే బారున పచ్చ రాళ్లు పాతి ఉంటాయి. రోజూ ఉదయం ఆయన అటుగానే నడిచేది.

విల్లిస్టన్ చేరేసరికి పొద్దుగుంకింది. 2010లో 14,716 మంది ఉన్న ఊరు 2020 లెక్కకి 29,160 అయింది. ఆ మధ్య రోజుల్లో ఇక్కడ ఒక గది అద్దె న్యూయార్క్‌ని మించిందని వార్తలొచ్చేవి. జనం కార్లలోనూ కంటైనరు గదుల వరసల్లోనూ పడుకునేవారు. ఇప్పుడు మోటెల్‌లో గది సులువుగానే దొరికింది. యజమాని గుజరాతీ. నాన్నని చూసి వేడినీళ్ల కెటిల్ తనంతట తనే తెచ్చి పెట్టాడు.

మూడో రోజు: వాట్‌ఫర్డ్ సిటీ

85వ రోడ్డు మీద మిజూరీ నది దాటి దక్షిణానికి. రెండువైపులా ఎర్ర కంకర పరిచిన చదును స్థలాలు, ఒక్కో దాని మీద ఆరేసి ఎనిమిదేసి పంపులు ఒకే వరసలో తలలూపుతూ. పక్కన ట్యాంకులు, ఒక మూల సన్నటి పొగగొట్టం, దాని కొసన మంట. లారీలు లారీలు లారీలు. ఇసుక లారీ, నీళ్ల లారీ, ఉప్పునీళ్ల లారీ, గొట్టాల లారీ.

ఉప్పునీళ్ల సంగతి చెప్పాలి. బావిలోంచి చమురుతో పాటు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పనైన నీళ్లు వస్తాయి. దాన్ని మళ్లీ వేరే లోతు బావుల్లోకి ఎక్కిస్తారు. అక్కడికి తీసుకెళ్లే గొట్టాలు పగిలితే చమురు కంటే ఎక్కువ చేటు. చమురుని సూక్ష్మజీవులు తినగలవు, ఉప్పుని తినేది ఏదీ లేదు. విల్లిస్టన్ ఉత్తరాన ఒక గొట్టం కారుతోందని 2015 జనవరిలో బయటపడింది, అప్పటికే నెలల తరబడి 2 కోట్ల 90 లక్షల గ్యాలన్ల ఉప్పునీళ్లు కారాయి, వాగు పాడయింది. చౌడు నేల అంటే ఏంటో కోనసీమవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఊళ్లో ఒక కెఫేలో పక్క బల్ల దగ్గర ముసలి రైతు నాన్న ఫిల్టరు కాఫీ ఫ్లాస్కు చూసి పలకరించాడు. నాన్న దానిలోంచే ఆయనకి అరకప్పు పోశారు. మధ్యలో నేను దుబాసీని. ఆయన పొలంలో నాలుగు బావులున్నాయట. "అయితే లక్షాధికారి" అన్నారు నాన్న. నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన నవ్వాడు.

నేల ఆయనది, కింద ఉన్నది ఆయనది కాదు. ఇక్కడ పైనేల వేరు, ఖనిజం వేరు. విడివిడిగా అమ్మొచ్చు. 1930ల కరువులో చాలామంది కింది హక్కు అమ్ముకుని పైది నిలబెట్టుకున్నారు. ఈయన తాత కూడా అదే చేశాడు. ఇప్పుడు చమురు మీద వచ్చే వంతు ఎక్కడో అరిజోనాలో ఉండే, ఈ పొలం ఎప్పుడూ చూడని వాళ్లకి పోతుంది. ఈయనకి వచ్చేది కంకర కింద పోయిన చేనుకి నష్టపరిహారం, దుమ్ము, లారీల రొద. బావి వద్దనే హక్కు లేదు. కిందివాడిది పైచేయి.

నాన్న మా సంగతి చెప్పారు. మా దగ్గర ఈ తగువే లేదు, కిందదంతా సర్కారుదే. గొట్టం వేస్తే 1962 నాటి చట్టం ప్రకారం నేల మనదే ఉంటుంది, వాడకం హక్కు మాత్రం తీసుకుంటారు. ఆ బారుకి ధరలో నూటికి 10 వంతులు ఇస్తారు. ఆ పైన ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు పాతకూడదు. "కొబ్బరితోటలో చెట్టు పాతకూడదంటే ఇంకేం మిగిలిందో అడుగు ఆయన్ని." మాకు రెండు వరసల చెట్లు పోయాయి. రైతు తల ఊపి, "నాకు కనీసం గోధుమ వేసుకోనిస్తారు" అన్నాడు.

మధ్యాహ్నం ఒక కంకర రోడ్డు పక్కన ఆగి, దూరంగా బావి తవ్వే రిగ్గుని చూస్తూ పెరుగన్నం తిన్నాం. కింద జరిగేదేంటో అక్కడే చెప్పాను. నిటారుగా సుమారు 2 మైళ్లు దింపుతారు. అక్కడ బరమా మెల్లగా వంగి అడ్డంగా తిరుగుతుంది, మళ్లీ 2 మైళ్లు, ఈమధ్య 3 మైళ్లు కూడా. ఉక్కు గొట్టం అంత పొడుగున వంగుతుందా అంటే వంగుతుంది, మలుపు అంత మెల్లగా ఉంటుంది. తర్వాత ఆ అడ్డపు బారంతా విభాగాలు విభాగాలుగా చిల్లులు పెట్టి, ఇసుక కలిపిన నీళ్లు రాయి చిట్లేంత ఒత్తిడితో పంపుతారు. నీళ్లు వెనక్కొస్తాయి, ఇసుక పగుళ్లలో ఇరుక్కుని అవి మూసుకోకుండా పట్టుకుంటుంది. ఆ సందుల్లోంచి చమురు నడిచొస్తుంది.

దీన్ని షేల్ చమురంటారు (షేల్ అంటే బురద గట్టిపడి అయిన రాయి) గానీ గొట్టం పోయేది షేల్‌లోకి కాదు. బాకెన్‌లో 36 కోట్ల ఏళ్ల నాటి నల్ల షేల్ పొరలు పైనొకటి కిందొకటి, మధ్యలో గట్టి సున్నపు ఇసుకరాయి. చమురు పుట్టింది నల్ల పొరల్లో, పిండుకుని చేరింది మధ్య పొరలోకి. గొట్టం అందులో పోతుంది.

"పూతరేకు" అన్నారు నాన్న. "రేకులు రెండూ వదిలేసి మధ్య బెల్లం నాకుతున్నారు."

ఇంతకంటే బాగా నేనెక్కడా చదవలేదు.

ఒక చిక్కుంది. ఈ బావులు మొదటి ఏడాదిలోనే సగానికి పైగా నీరసిస్తాయి. పాత రకం బావిలా పాతికేళ్లు నిలకడగా ఇవ్వవు. ఉత్పత్తి పడిపోకుండా ఉండాలంటే తవ్వుతూనే ఉండాలి. 2014 ఏప్రిల్‌లో రాష్ట్రం రోజుకు 10 లక్షల పీపాలు దాటింది, 2019 చివర్లో 15 లక్షలు అందుకుంది, మరుసటి ఏడు కోవిడ్ వచ్చి పడిపోయింది, మళ్లీ ఆ ఎత్తు చూడలేదు.

చీకటి పడ్డాక థియొడోర్ రూజ్వెల్ట్ పార్కు ఉత్తర భాగం అంచున నిలబడ్డాం. లోపల అడవిదున్నలు, కోసుకుపోయిన మట్టి కొండలు, నక్షత్రాలు. బయట దిగంతం మీద మంటలు. చమురుతో పాటు గ్యాసూ వస్తుంది. డబ్బు చమురులో, గ్యాసుకి గొట్టాలు వేసేలోపు ఆగలేక 2010ల మొదట్లో మూడో వంతు తగలబెట్టేశారు. అంతరిక్షం నుంచి తీసిన రాత్రి ఫొటోల్లో ఈ పల్లెసీమ మహానగరంలా వెలిగేది. 2014లో రాష్ట్రం పరిమితులు పెట్టింది, ఇప్పుడు నూటికి 90 పైనే పట్టి వాడుతున్నారు. మిగిలిన కాస్తే ఇంత కనపడుతోంది. నేను మంటలు లెక్కపెట్టాను, 17. నాన్న లెక్కపెట్టలేదు. కారులో కూర్చుని అద్దం ఎత్తేశారు.

నాలుగో రోజు: న్యూటౌన్

23వ రోడ్డు మీద తూర్పుకి. ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషను, అంటే మాండన్, హిడాట్సా, అరికరా అనే మూడు ఆదివాసీ జాతులకి కేటాయించిన నేల. వంతెన కింద సాకకవియా సరస్సు సముద్రంలా ఉంది. అది సహజమైన సరస్సు కాదు. 1953లో మిజూరీ మీద గారిసన్ ఆనకట్ట పూర్తయి నది వెనక్కి తన్నింది. లక్షా 50 వేల ఎకరాలకు పైగా, ఆ జాతుల సారవంతమైన లంకభూములు, ఎల్బోవుడ్స్ అనే వాళ్ల ముఖ్య పట్నం, బడీ ఆసుపత్రీ అన్నీ మునిగాయి. పైన గాలి కొట్టే మెరకమీద కట్టిన కొత్త ఊరు కాబట్టి న్యూటౌన్. 1948లో ఆ ఒప్పందం మీద సంతకం జరుగుతుండగా జాతి మండలి పెద్ద జార్జ్ జిలెట్ కళ్లద్దాలు తీసి, మొహం చేత్తో కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఉంది. ఫోనులో చూపించాను.

"పోలవరం" అన్నారు నాన్న, అంతే.

ఏ మెరక మీదకి తోశారో దాని కిందే బాకెన్ ఉందని తర్వాత బయటపడింది. ఇప్పుడు జాతి ప్రభుత్వానికి చమురు పన్నులో వాటా ఉంది, కొత్త భవనాలున్నాయి, మంచి రోడ్లున్నాయి. లారీ ప్రమాదాలూ మత్తుమందులూ కూడా వచ్చాయని కొట్టు దగ్గర మాట్లాడిన ఆవిడ చెప్పింది. మంచిదా చెడ్డదా అని అడగబోయాను. ఆవిడ నా ప్రశ్న ముందే విన్నట్టు, "మీరు సరస్సు చూశారా?" అంది.

2013 జూలై 6న కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు లాక్ మెగాంటిక్ ఊళ్లో పేలిన 72 ట్యాంకర్ల బండి ఈ న్యూటౌన్‌లో నింపిందే. ఊరికి పైన వాలు మీద రాత్రి నిలిపి డ్రైవరు పడుకోవడానికి వెళ్లాడు. ఇంజనులో చిన్న నిప్పు పుడితే ఆర్పి ఇంజను ఆపేశారు. ఇంజను ఆగితే గాలి బ్రేకు మెల్లగా జారిపోతుంది. చేతి బ్రేకులు సరిపడా వెయ్యలేదు. బండి తనంతట తనే 7 మైళ్లు దొర్లి ఊరి నడిబొడ్డున పడింది. 47 మంది పోయారు. ముడి చమురు అంతగా పేలదని అనుకునేవాళ్లు. బాకెన్ సరుకు పలచన, సోడాలా గ్యాసు కలిసి ఉంటుంది. 2015 ఏప్రిల్ 1 నుంచి రైలెక్కించే ముందు దాన్ని వేడిచేసి ఆవిరి ఒత్తిడి 13.7 పీఎస్ఐకి మించకుండా చెయ్యాలని రాష్ట్రం నిబంధన పెట్టింది. గట్టి గోడల ట్యాంకర్ల నిబంధన కూడా ఆ ఏడే వచ్చింది.

బావులేమో ఇక్కడ, 47 ప్రాణాలేమో రైలు దారిన దాదాపు 2,000 మైళ్ల అవతల. బావి దగ్గర బతికినవాడికి కనీసం బావి కనపడుతుంది.

ఐదో రోజు: క్యానన్ బాల్

బిస్మార్క్ దాటి, నది పడమటి ఒడ్డున 1806వ రోడ్డు. గడ్డి అప్పటికే బంగారు రంగుకి తిరిగింది. క్యానన్‌బాల్ నది మిజూరీలో కలిసే చోటుకి కాస్త ఎగువన, ఒవాహీ సరస్సు అడుగు నుంచి డకోటా యాక్సెస్ గొట్టం పోతుంది. స్టాండింగ్ రాక్ సూ జాతి రిజర్వేషను అక్కణ్ణుంచి అర మైలు. వాళ్ల తాగునీళ్లు ఆ సరస్సువే. మొదట్లో పరిశీలించిన దారుల్లో ఒకటి బిస్మార్క్‌కి ఉత్తరాన నది దాటేది. దాన్ని వదిలేయడానికి చెప్పిన కారణాల్లో పట్నపు తాగునీటి బావుల రక్షణ ఒకటి. ఈ ఒక్క సంగతీ తెలిస్తే 2016లో ఇక్కడ వేలమంది ఎందుకు గుడారాలు వేశారో ఇంకెవరూ వివరించక్కర్లేదు.

నవంబరు 20 రాత్రి నీళ్లు గడ్డకట్టే చలిలో వాళ్ల మీద నీటి ఫిరంగులు కొట్టారు. డిసెంబరు 4న సైన్యపు ఇంజనీర్ల విభాగం సరస్సు కింద దారి ఇచ్చేది లేదంది. జనవరిలో అధ్యక్షుడు మారాడు, ఫిబ్రవరిలో దారి ఇచ్చారు, జూన్‌లో చమురు పారింది. 2020లో ఒక న్యాయమూర్తి ఆ అనుమతి చెల్లదన్నాడు. పై కోర్టు గొట్టాన్ని మాత్రం ఆపలేదు.

గుడారాల మైదానంలో ఇప్పుడు గడ్డి. గొట్టం ఎటు పోతుందో చెప్పే పసుప్పచ్చ గుర్తు కర్రలు గుట్ట మీద కనపడ్డాయి. నాన్న ఒకదాని దగ్గరికి నడిచి దాని మీద రాసింది చదవమన్నారు. తవ్వేముందు ఫలానా నంబరుకి ఫోను చెయ్యండి అని ఉంది.

"మన తోటలోనూ ఇదే రాసి ఉంటది. ఓసారి చేశాను, ఎవరూ ఎత్తలేదు" అన్నారు. తర్వాత, "ఇక్కడ చేసి చూడు" అన్నారు.

"ఊరికే చెయ్యకూడదు నాన్నా."

"ఎత్తుతారో లేదో చూద్దామని."

చెయ్యలేదు. ఆయన ఆ కర్ర పక్కన ఫొటో తియ్యమన్నారు. ఈ ప్రయాణం మొత్తంలో ఆయన అడిగి తీయించుకున్న ఫొటో అదొక్కటే.

ఆరో రోజు: ఇంటిదారి

450 మైళ్లు. ఆవకాయ అయిపోయింది. పెట్రోలుకని క్యాసల్టన్‌లో హైవే దిగితే ఊళ్లోకి పోయే దారిలో గేటు పడింది. గూడ్సు. పెట్టె వెనక పెట్టె, అన్నీ ధాన్యానివే. నాన్న సీటు బెల్టు తీసుకుని ముందుకి వంగారు. ఈసారి పెట్టెలు లెక్కపెట్టడం లేదు, కిందకి, ఇరుసుల వైపు చూస్తున్నారు.